ఎర్ర పుస్తకంలో లేని పేజీలు

ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం నాకో పాత జబ్బు, ఏమీ కొనను ఊరికే చూసొస్తా అని ఇంట్లో చెప్పి వెళ్ళి సంచీ నింపుకు రావడం కూడా అందులో భాగమే. పోయిన నెల అలాగే తిరుగుతుంటే ఎంసెట్ గైడ్ల గుట్ట కింద అరచేతిలో పట్టేంత ఎర్ర పుస్తకం ఒకటి దొరికింది. ప్లాస్టిక్ అట్ట, ఇన్నేళ్ళయినా రంగు దిగలేదు, వేళ్ళకి కొంచెం జిగట తగులుతోంది, లోపల బైబిల్ కాగితంలా పల్చటి పేజీలు. మావో సూక్తులు, ఇంగ్లీష్‌లో, పీకింగ్‌లో 1966లో అచ్చయింది. నూట యాభై చెప్పాడు. తెరిచి చూస్తే మొదట్లో కొన్ని కాగితాలు లేవు, కుట్టు దగ్గర సన్నటి అంచులు మాత్రం మిగిలాయి, పిల్లలు చింపినట్టు అడ్డదిడ్డంగా లేవు, స్కేలు పెట్టి బ్లేడుతో కోసినట్టున్నాయి. "పేజీలు పోయినయ్ కదన్నా, వంద చేస్కో" అంటే "ముందట పేజీలల్ల ఏముంటది సార్, ముచ్చటంత లోపల్నే ఉంటది" అని వందకే ఇచ్చేశాడు.

తర్వాతి వారం తెనాలి వెళ్ళినప్పుడు మా పెదనాన్నకి చూపించా. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిది. కుర్రతనంలో పార్టీ చుట్టూ తిరిగిన మనిషి, గోడల మీద నినాదాలు రాశాడు, స్టడీ సర్కిళ్ళకి వెళ్ళాడు, ఒక రాత్రి లాకప్‌లో ఉన్నాడు, ఆ తర్వాత ముప్పై ఏళ్ళ పైన బుద్ధిగా గవర్నమెంటు ఉద్యోగం చేసుకుని రిటైరయ్యాడు. కళ్ళజోడు పైకి నెట్టి పుస్తకం తీసుకున్నాడు, లోపలి సూక్తులేవీ చూడలేదు, సరాసరి ముందు పేజీల దగ్గర బొటనవేలు పెట్టి ఆ అంచులు తడిమి "లిన్ పియావోని పీకేశార్రా దీంట్లో" అని నవ్వాడు. (ఇప్పుడంతా లిన్ బియావో అని రాస్తున్నాం గానీ ఆయన తరానికి లిన్ పియావోనే, బీజింగ్ ఎప్పటికీ పీకింగే.)

ఆ ఒక్క మాటతో నాకు పురుగు పట్టుకుంది. అప్పట్నుంచి నెల రోజులుగా ఖాళీ దొరికితే ఇదే చదువుతున్నా. చదివే కొద్దీ నాకనిపించింది ఏంటంటే, చైనా కమ్యూనిస్టు పార్టీ చరిత్ర తెలుసుకోవాలంటే వాళ్ళు అచ్చేసిన పుస్తకాల్లో ఏముందో చూడ్డం కంటే వాటిల్లోంచి ఎప్పుడేది తీసేశారో చూడ్డం తేలిక.

ఈ ఎర్ర పుస్తకమే తీసుకోండి. మావో కూర్చుని రాసిందేం కాదు, సైన్యంలో పుట్టింది. 1959లో రక్షణ మంత్రి పెంగ్ దెహువై గ్రేట్ లీప్ (దేశాన్ని ఒక్క దూకులో ముందుకి తెస్తానని మావో పెట్టిన పథకం) వల్ల జనం పడుతున్న బాధ గురించి మావోకి ఉత్తరం రాసి పదవి పోగొట్టుకున్నాడు, ఆ కుర్చీలోకి లిన్ బియావో వచ్చాడు. ముందున్నవాడు ఎందుకు పోయాడో కళ్ళారా చూసిన మనిషి కదా, ఈయన ఇంకో దారి పట్టాడు. 1961 నుంచి సైన్యం వాళ్ళ డైలీ పేపర్లో మొదటి పేజీ మీద రోజూ మావో మాట ఒకటి పడాలన్నారు. రోజుకో సూక్తి అంటే వినడానికి బానే ఉంటుంది, డెస్క్ మీద కూర్చున్నవాడిని అడగాలి ఆ కష్టం, ఆ రోజు వార్తకి అతికే మాట రాత్రి పదింటికి ఎక్కడ్నుంచి తెస్తాడు? అందుకని వాళ్ళు మావో రచనలన్నీ జల్లెడపట్టి విషయాల వారీగా కార్డుల మీద రాసిపెట్టుకున్నారు. ఆ కార్డుల పెట్టెలోంచే 1964లో పుస్తకం వచ్చింది. మొదటి డ్రాఫ్ట్‌లో 200 సూక్తులు, 1965కల్లా 33 చాప్టర్లు, 427 సూక్తులు. సిపాయి చొక్కా జేబులో పట్టాలని ఆ సైజు, వానలో తడిసినా పాడవకూడదని ఆ ప్లాస్టిక్ అట్ట. అంటే వంద కోట్లకి పైగా అచ్చయిందని చెప్పే పుస్తకం మొదట్లో ఒక పేపర్ ఆఫీసు వాళ్ళ కటింగుల ఫైలన్నమాట.

ఇంక నా కాపీలో లేని పేజీలు. ఒకటి లిన్ బియావో సొంత దస్తూరీతో ఉన్న పేజీ, ఇంకోటి 1966 డిసెంబర్‌లో ఆయన పేరు మీద వచ్చిన ముందుమాట. దస్తూరీ పేజీలో ఉండే మాట ఇది: చైర్మన్ మావో పుస్తకాలు చదవండి, ఆయన మాట వినండి, ఆయన ఆదేశాల ప్రకారం పనిచెయ్యండి. దీంట్లో రెండు తమాషాలున్నాయి. ఆ వాక్యం అసలు లిన్ బియావోది కాదు, లే ఫెంగ్ అనే సిపాయి డైరీలోంచి ఎత్తింది, చివరి ముక్క ఒకటి వదిలేసి. రెండోది, "వినండి" అన్న చోట చైనీస్ అక్షరంలో ఆయన ఒక చుక్క ఎక్కువ పెట్టాడు, అంటే స్పెల్లింగ్ మిస్టేక్. రక్షణ మంత్రి చేతిరాతలో తప్పుందని చెప్పే మగాడెవడు, ఆ చుక్క చుక్కలాగే కోట్ల కాపీల్లో అచ్చయిపోయింది. ఇవాళ పాత కాపీలు సేకరించేవాళ్ళు ఆ చుక్క కోసమే వెతుక్కుంటారు.

లే ఫెంగ్ అన్నాను కదా, అతనిదో వేరే కథ. హునాన్‌లో పుట్టిన అనాథ కుర్రాడు, సైన్యంలో లారీ డ్రైవరు. 1962 ఆగస్ట్ 15న ఫుషున్ అనే ఊళ్ళో తోటి డ్రైవర్‌కి లారీ రివర్స్ చేయిస్తూ ఉంటే లారీ తగిలి ఒక స్తంభం పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు, ఇరవై ఒక్క ఏళ్ళు. ఏ యుద్ధమూ లేదు, ఏ త్యాగమూ లేదు, పాపం యాక్సిడెంట్. కానీ అతని డైరీ ఉంది, నిండా మావో భక్తి, యంత్రంలో తుప్పు పట్టని మర మేకులా ఉంటానని. 1963లో మావో స్వయంగా "లే ఫెంగ్‌ని చూసి నేర్చుకోండి" అని రాసిచ్చాడు, మార్చి 5న పేపర్లలో పడింది, డైరీ పుస్తకమై స్కూళ్ళకి చేరింది. ఇప్పటికీ మార్చి 5 లే ఫెంగ్ రోజే అక్కడ. డైరీతో పాటు ఫొటోలు, రాత్రిపూట టార్చిలైటు వేసుకుని మావో రచనలు చదువుతున్నట్టు, తోటివాళ్ళ బట్టలు ఉతుకుతున్నట్టు. ఎవరికీ చెప్పకుండా మంచి పనులు చేసే కుర్రాడి పక్కన ప్రతిసారీ కెమెరా ఎలా ఉంది అని మన పెళ్ళి వీడియోగ్రాఫర్‌ని అడిగినా చెప్తాడు, "సార్ ఒకసారి మళ్ళీ తాళి పట్టుకోండి" టైపు. కొన్ని ఫొటోలు మళ్ళీ చేయించి తీసినవే అని తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు.

1966లో మావో సాంస్కృతిక విప్లవం మొదలుపెట్టాడు, దానికి వెంట నడిచిన స్టూడెంట్ల దళాలే రెడ్ గార్డులు. ఆగస్ట్ 18న తియానన్మెన్ దగ్గర వాళ్ళ మొదటి ర్యాలీ, దాదాపు పది లక్షల మంది పిల్లలు ఎర్ర పుస్తకం పైకెత్తి ఊపుతున్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ నవంబర్ వరకు ఎనిమిది ర్యాలీలు. అక్కడ జనం దీన్ని చిన్న ఎర్ర పుస్తకం అనరు, అది బయటివాళ్ళు పెట్టిన పేరు, వాళ్ళకది "ఎర్రటి అమూల్య గ్రంథం". షాపులో "కొన్నాం" అని కూడా అనకూడదు, బుద్ధుడి బొమ్మని ఇంటికి తెచ్చుకునేటప్పుడు వాడే మర్యాద మాట వాడాలి, మనం విగ్రహాన్ని "ఆహ్వానించాం" అన్నట్టు. దేవుడు లేడన్న పార్టీ పుస్తకానికి ఈ మడి ఆచారం ఏంటో! ఫోన్ ఎత్తితే హలో బదులు ముందు ఒక సూక్తి, "ప్రజలకు సేవ చెయ్యండి" అని ఇవతలివాళ్ళంటే అవతలివాళ్ళు ఇంకోటి అనాలి, అప్పుడు అసలు సంగతి. కొన్ని సూక్తులకి బాణీలు కట్టి పాటలు చేశారు. పెళ్ళిళ్ళలో గిఫ్టుగా మావో రచనలే ఇచ్చేవాళ్ళు, ఒక్కో జంటకి అవే సెట్లు అరడజను, మనకి గోడ గడియారాలు వచ్చి పడ్డట్టు. ప్లాస్టిక్ అట్టలకి ఎంత ముడిసరుకు పోయిందంటే ప్లాస్టిక్ చెప్పులు, పిల్లల బొమ్మల తయారీ తగ్గించుకోవాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు మిగతా పెద్ద పెద్ద విషయాలన్నిటికంటే ఎందుకో ఇదే గుచ్చుకుంది నాకు, ఆ ఏళ్ళల్లో రెండేళ్ళ పిల్ల ఉన్న ఇల్లు ఎలా ఉండి ఉంటుందా అని.

సరే, లోపల ఏముంది? ఉన్న మూడొందల పైచిలుకు పేజీలూ చదివా. నిజం చెప్పాలంటే కొన్ని చోట్ల మనిషి భలే రాస్తాడు, పొట్టి వాక్యం, పల్లెటూరి పోలిక, నవ్వు. కానీ ఏ మాట ఎప్పుడు ఎవర్ని ఉద్దేశించి అన్నాడన్నది కింద చిన్న అక్షరాల్లో ఏదో వ్యాసం పేరు, తేదీ తప్ప ఇంకేం లేదు. 1927లో రైతుల గురించి అన్నది, 1938లో జపాన్‌తో యుద్ధం మధ్యలో అన్నది, 1957లో అధికారంలో కూర్చుని అన్నది అన్నీ ఒకే వరసలో. మన సామెతలతో ఎప్పుడూ ఉండే ఇబ్బందే ఇది, తొందరపెట్టాలంటే "ఆలస్యం అమృతం విషం" అంటాం, ఆపాలంటే "నిదానమే ప్రధానం" అంటాం, రెండూ పెద్దల మాటే. 1967లో రెడ్ గార్డులు రెండు ముఠాలుగా చీలి కొట్టుకున్నప్పుడు రెండు పక్షాల చేతుల్లోనూ ఇదే పుస్తకం, వీళ్ళొక సూక్తి విసిరితే వాళ్ళొకటి. తుపాకీ గొట్టంలోంచి అధికారం వస్తుందన్న మాట ఊరూరా తెలుసు, మన గోడల మీద కూడా చూశాం. అదే వ్యాసంలో ఆ వెంటనే తుపాకీ మీద పెత్తనం పార్టీది, పార్టీ మీద తుపాకీ పెత్తనం ఎప్పటికీ కుదరదు అనే మాట ఉంది. ఈ పుస్తకాన్ని పార్టీ మీదకి తోలింది సైన్యమే కదా, ఆ సంగతి వాళ్ళెవరికీ తట్టలేదో తట్టినా నోరు మూసుకున్నారో.

కోతలు ఇక్కడ మొదలవలేదు, అంతకు ముందే ఉన్నాయి. మావో రచనల సంపుటాలు 1951 నుంచి వచ్చాయి, మొదటి సంపుటంలో 1927 నాటి హునాన్ రైతు ఉద్యమం రిపోర్ట్ ఉంది. ఒరిజినల్‌లో ఆయన లెక్క వేస్తాడు, విప్లవానికి పది మార్కులు వేస్తే పట్నం జనానికి, సైన్యానికి కలిపి మూడు, రైతులకి ఏడు అని. 1951లో ఆ లెక్క లేదు. కార్మికవర్గం నాయకత్వం అని చెప్పే పార్టీకి ఆ ఏడు మార్కులు ఇబ్బందేగా, తీసేశారు.

అన్నిటికంటే దారుణమైంది 1957ది. ఫిబ్రవరి 27న మావో ఒక పెద్ద సభలో గంటల తరబడి మాట్లాడాడు, ప్రజల మధ్య వైరుధ్యాల గురించి, మంచి మూడ్‌లో, వంద పూలు వికసించనీ వంద ఆలోచనలు సంఘర్షించనీ అన్న పాట అది. ఆ ప్రసంగం అప్పుడు అచ్చు వెయ్యలేదు. టేపులు, నోట్సుల మీద ఊరూరా యూనివర్సిటీల్లో ఆఫీసుల్లో వినిపించారు. విన్నవాళ్ళు మొదట్లో జంకారు, తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టారు, ప్రొఫెసర్లు, స్టూడెంట్లు, ఇతర చిన్న పార్టీల వాళ్ళు, పార్టీ ఇలా ఉంది అలా ఉంది అని. జూన్ 8న పార్టీ పేపరు పీపుల్స్ డైలీ సంపాదకీయం ఎదురు తిరిగింది. జూన్ 19న ఆ ఫిబ్రవరి ప్రసంగం అచ్చులో వచ్చింది, దాంట్లో కొత్తగా ఆరు కొలతలు చేరాయి, ఏ మాట పువ్వు ఏ మాట విషపు కలుపు అని తేల్చడానికి, సోషలిజాన్ని బలపరిచేదిగా ఉండాలి, పార్టీ నాయకత్వాన్ని బలపరిచేదిగా ఉండాలి ఇలా. అంటే పరీక్ష అయిపోయాక సిలబస్ ఇచ్చి పేపర్లు దిద్దారు. దాదాపు 5.5 లక్షల మందికి "రైటిస్టు" ముద్ర పడింది, ఉద్యోగాలు పోయాయి, చాలామందిని లేబర్ క్యాంపులకి పంపారు, ఆ ముద్ర చెరగడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. నేను ఇది చదివిన రోజు ఆఫీసులో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమని మెయిల్ వచ్చింది, ఫ్రాంక్‌గా రాయండి అని. అన్నీ "బాగుంది" అని పెట్టి పంపేశా.

పెదనాన్నకి ఇవన్నీ చెప్తే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "అంతా తప్పే అంటావేంట్రా, ఆ పుస్తకాలు లేకపోతే ఆ దేశం లేదు, నువ్వు యెనాన్ సంగతి చదువు" అన్నాడు. చదివా పెదనాన్నా. గెలవక ముందు చైనా పార్టీ మకాం ఉన్న యెనాన్ గుహల్లో 1940లో మావో రాసిన "నూతన ప్రజాస్వామ్యం" అనే చిన్న పుస్తకం మన దాకా ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు, తర్వాత నేనూ చూసుకున్నా. 1948లో తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగా కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ వాళ్ళు కేంద్ర నాయకత్వానికి ఒక డాక్యుమెంట్ పంపారు, మనది రష్యా దారి కాదు, మావో చెప్పిన దారి అని. అప్పటికి చైనాలో ఇంకా గెలవలేదు వాళ్ళు! పార్టీ జనరల్ సెక్రటరీ రణదివేకి ఒళ్ళు మండింది, 1949 జూలైలో మావోని యుగోస్లావియా నాయకుడు టిటోతో కలిపి తిట్టిపోశాడు, మార్క్సిజానికి మావో ఆథారిటీ ఏంటని. అక్టోబర్ ఒకటిన మావో తియానన్మెన్ ఎక్కి రిపబ్లిక్ ప్రకటించాడు, మూడు నెలలు కూడా కాలేదు. పెదనాన్న ఈ ముక్క చెప్పేటప్పుడు సొంత మేనమామ గెలిచినట్టు చెప్తాడు.

యెనాన్ నుంచే ఇంకో అలవాటు కూడా వచ్చింది, అది ఆయన చెప్పలేదు. 1942లో మొదలైన "దిద్దుబాటు" ఉద్యమంలో 22 డాక్యుమెంట్లు ఇచ్చి చదవమన్నారు. చదవడం అంటే మనం చదివినట్టు కాదు. చదివి, నోట్సు రాసి, ఆ డాక్యుమెంట్ వెలుగులో నీ బతుకంతా తిరగరాసి ఒప్పుకోవాలి, ఏ ఇంట్లో పుట్టావ్, ఎవరితో తిరిగావ్, ఎప్పుడు తప్పుగా ఆలోచించావ్. ఒకసారి రాస్తే చాలదు, మళ్ళీ మళ్ళీ.

లియూ షావోఛీ పుస్తకం కథ అయితే సినిమాకి తక్కువేం కాదు. 1939లో యెనాన్‌లో మంచి కమ్యూనిస్టుగా ఎలా ఉండాలి అని లెక్చర్లిచ్చాడు, అదే పుస్తకం అయింది, పార్టీలో కొత్తగా చేరినవాళ్ళకి పెద్దబాలశిక్ష లాంటిది. మధ్య మధ్యలో పాతకాలం చైనా తత్వవేత్తలు కన్ఫ్యూషియస్, మెన్షియస్ మాటలు కూడా వస్తాయి, ఎవరూ చూడనప్పుడు కూడా తప్పు చెయ్యకు అనే ధోరణి. 1962లో కొత్త ఎడిషన్ వేశారు, అప్పటికి ఆయన దేశాధ్యక్షుడు, కరువు తర్వాత దేశాన్ని గట్టెక్కించే పనిలో ఉన్నాడు, పుస్తకం విపరీతంగా పోయింది. మావోకి ఏం అనిపించి ఉంటుందో ఊహించుకోండి. 1967 మే నెలలో పీపుల్స్ డైలీ ఆ పుస్తకం మీద విరుచుకుపడింది, కార్మికవర్గ నియంతృత్వానికి ద్రోహం అని. నిన్నటిదాకా సంతకం పెట్టి చదివించినవాళ్ళే ఇవాళ తగలబెట్టారు. ఆ ఆగస్ట్‌లో రెడ్ గార్డులు ఆయన్ని సభలో నిలబెట్టి ఎర్ర పుస్తకాలు ఊపుతూ తిడుతుంటే తర్వాత ఆయన గదిలోంచి రాజ్యాంగం పుస్తకం తెచ్చి చూపించి నేను ఈ దేశ అధ్యక్షుణ్ణి, పౌరుడిగా నా హక్కులేవి అని అడిగాడంటారు. రెండూ చిన్న పుస్తకాలే. 1969 నవంబర్ 12న కైఫెంగ్‌లో ఒక గదిలో వైద్యం లేకుండా చనిపోయాడు, దహనం చేసేటప్పుడు రిజిస్టర్‌లో వేరే పేరు రాశారు, వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని. 1980లో ఆయన మంచివాడే అని పార్టీ తేల్చింది, పుస్తకం మళ్ళీ షాపుల్లోకి వచ్చింది. నలభై ఏళ్ళలో శిక్షణ, ద్రోహం, మళ్ళీ శిక్షణ, అక్షరం పెద్దగా మారకుండానే.

ఇప్పుడు నా బ్లేడు పేజీల దగ్గరికి వద్దాం. 1969 ఏప్రిల్‌లో పార్టీ రాజ్యాంగంలోనే రాసుకున్నారు, మావో తర్వాత లిన్ బియావో అని. రెండున్నరేళ్ళు తిరక్కుండా 1971 సెప్టెంబర్ 13న ఆయన భార్యతో కొడుకుతో ఎక్కిన విమానం మంగోలియాలో కూలిపోయింది, కుట్ర చేసి పారిపోతున్నాడన్నది ప్రభుత్వం మాట. వెంటనే జనానికి చెప్పలేదు, నెమ్మదిగా పై నుంచి కిందికి చెప్పుకుంటూ వచ్చారు. తర్వాత ఆర్డరు, ఎర్ర పుస్తకంలో ఆయన దస్తూరీ, ముందుమాట తీసెయ్యండి అని. నిన్నటిదాకా మరక పడితే కేసయ్యే పుస్తకం. మావో ఫొటో ఉన్న పేపర్‌లో ఏదో చుట్టినందుకు జైళ్ళకి వెళ్ళిన రోజులవి. అలాంటిది ఇంట్లో కూర్చుని కత్తెరతో కొయ్యమంటే చేతులు ఎలా ఆడాయో. పల్లెలకి పంపిన పట్నం కుర్రాళ్ళు చాలామంది తర్వాత రాసుకున్నారు, మా నమ్మకం పోయింది ఆ వార్త విన్న రోజే అని.

మన దగ్గర ఇంకా విచిత్రం. "చైనా చైర్మనే మన చైర్మన్" అని నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ పార్టీ నినాదం ఇచ్చింది, శ్రీకాకుళం కొండల్లో కూడా వినిపించింది, 1970లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన వాళ్ళ మనిషితో చైనా ప్రధాని చౌ ఎన్‌లై అదేం నినాదం, ఒక దేశం పార్టీ నాయకుడు ఇంకో దేశానికి నాయకుడేంటి అని మొహం మీదే అన్నాడు. చారు మజుందార్ 1972లో చనిపోయాక ఆ పార్టీలో ఒక చీలిక దేని మీదో తెలుసా, లిన్ బియావో ద్రోహా కాదా అని. లిన్ బియావో అనుకూల గ్రూపు, వ్యతిరేక గ్రూపు. ఎక్కడో మంగోలియాలో కూలిన విమానానికి బీహార్‌లో బెంగాల్‌లో జనం విడిపోయారు.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తా. మావో పోయాక 1977లో ఆయన తర్వాత నాయకుడైన హువా గువోఫెంగ్ మావో రచనల అయిదో సంపుటం తెచ్చాడు, 1982లో అమ్మకం ఆపేశారు, కొత్త నాయకులకి దాంట్లో చాలా మాటలు పనికిరావు. 1979 ఫిబ్రవరిలో ఎర్ర పుస్తకం అమ్మకాలే ఆపమన్నారు, మిగిలినవి గుజ్జు చేశారు. ఇప్పుడు షీ జిన్‌పింగ్ పాలన గురించి సంపుటాలు, 2014 నుంచి 2022 దాకానే నాలుగు వచ్చాయి, వాటికి తోడు 2019లో ఫోన్ యాప్ వచ్చింది, ఆర్టికల్ చదివితే పాయింట్లు, వీడియో చూస్తే పాయింట్లు, క్విజ్‌కి పాయింట్లు, ఆఫీసుల్లో ఎవరికెన్ని అని చూస్తారు. యెనాన్ నోట్‌బుక్‌లో కనీసం నువ్వు రాసేది ఎవరో ఒక మనిషి చదివేవాడు. 2014 చివర్లో చైనా ఇంటర్నెట్ పెద్ద లు వెయ్ ఫేస్‌బుక్ ఆఫీసుకి వెళ్తే జుకర్‌బర్గ్ టేబుల్ మీద షీ మొదటి సంపుటం కనపడేలా ఉంది, స్టాఫ్‌కి కూడా కొనిచ్చానన్నాడని వార్తలొచ్చాయి. అయినా ఫేస్‌బుక్‌ని అక్కడ రానివ్వలేదు, లు వెయ్ లంచాల కేసులో 2019లో 14 ఏళ్ళు జైలు పడ్డాడు. పుస్తకం పైకెత్తి చూపించడం అంత తేలికేం కాదు, ఎవరికి చూపిస్తున్నామో వాళ్ళు రేపు ఉండాలిగా.

అందరూ ఒకే పుస్తకం చదివిన ఆ పదేళ్ళలో జనం నిజంగా ఇష్టపడి చదివినవి వేరే ఉన్నాయి, అవి చేత్తో రాసుకున్నవి. "రెండో కరచాలనం" అని ఝాంగ్ యాంగ్ అనే కుర్రాడు రాసిన నవల, సైంటిస్టుల ప్రేమకథ, అచ్చు లేదు ఏం లేదు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు రాత్రుళ్ళు నోటుపుస్తకాల్లో ఎత్తి రాసుకుంటూ దేశమంతా పాకింది. 1975లో అతన్ని జైల్లో పెట్టారు ఆ నవల రాసినందుకే. 1979 జనవరిలో వదిలారు, ఎర్ర పుస్తకం ఆపెయ్యమన్నది ఆ తర్వాతి నెలలోనే, ఆ ఏడాదే నవల అచ్చులో వచ్చి లక్షల్లో పోయింది.

ఇదంతా పెదనాన్నకి ఫోన్లో చెప్తూ ఒకటి అడిగా, మీ దగ్గరా ఉండేదిగా ఎర్ర పుస్తకం, మీరు కూడా పేజీ కోశారా అని. కాసేపు మాట్లాడలేదు. "కోశాన్రా, డెబ్బై రెండులో అనుకుంటా, మా రూమ్‌లో నలుగురం కూర్చుని కోశాం, కొయ్యమని ఎవరూ మాకు చెప్పలేదు, అక్కడ కోస్తున్నారని ఎవరో అంటే విని కోశాం" అన్నాడు. మరి ఆ పుస్తకం ఏదీ అన్నా. ఎమర్జెన్సీలో వీధి చివర ఇంట్లో సోదా జరిగిందట, ఆ రాత్రికి రాత్రే ఉన్న కాగితాలన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టేశాట్ట. కాగితం చిటికెలో కాలిపోయింది గానీ ఆ ప్లాస్టిక్ అట్ట కాలక కరిగి కాగు అడుక్కి అంటుకుని ఇల్లంతా కంపు, పెద్దమ్మ ముక్కు మూసుకుని వచ్చి చూసి "ఏం తగలబెడుతున్నారు, ఈ నీళ్ళతో నేను స్నానం చెయ్యను" అని బిందె తీసుకుని బావి దగ్గరకెళ్ళిపోయిందట. ఆ కాగు మొన్నమొన్నటి దాకా ఉందట, అడుగున ఎర్ర మరకతోటే.